గస్ కొవాక్ నోరు

మెంఫిస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డిఫెన్స్ లైనులో, అంటే ఎదుటివాళ్లని ఆపే వరసలో, నట్టనడుమ నిలబడే అల్సీడ్ బటీస్ట్ తన గురించి ఒక్కటంటే ఒక్కటే గొప్ప చెప్పుకునేవాడు. బంతి కదలకముందు దూకడం ఆ ఆటలో తప్పు, పదకొండేళ్లలో ఏనాడూ తను ఆ పాపాన పోలేదని. పేపర్లో అతని పేరు రాదు, రావాలని అతను కోరుకోనూ లేదు. ఇద్దరు భారీ మనుషులు మీదపడి తోస్తుంటే అడుగు వెనక్కి వేయకుండా ఇద్దర్నీ పట్టి ఉంచడం అతని పని. ఆ సందులో దూరి బంతి పట్టినవాణ్ణి పడగొట్టడం, చప్పట్లు కొట్టించుకోవడం వెనకాలవాళ్ల పని. "వంట నాది, విందు మీది" అని వాళ్లని ఆటపట్టించేవాడు. బంతి అందుకుని ఆట నడిపే ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్, బంతి కదులుతోందన్నట్టు దొంగ కేకలు పెట్టి ఎంతమందిని ముందుకు దూకించినా అల్సీడ్ మాత్రం నేల మీద చెయ్యి ఆనించి అలాగే ఉండేవాడు.

అలాంటివాడు టొలీడో జట్టుతో ఆడిన సీజన్ చివరి ఆటలో, సగం ఆటైనా కాకముందే పప్పులో కాలేశాడు.

వేయించినవాడు పరాయివాడైతే అంత మండేది కాదు. గస్ కొవాక్ టొలీడో సెంటర్. అంటే అల్సీడ్‌కి ముక్కుకి ముక్కు ఆనేంత ఎదురుగా వంగి, బంతిని కాళ్ల సందులోంచి క్వార్టర్‌బ్యాక్‌కి అందించేవాడు. టొలీడో చేరకముందు తొమ్మిదేళ్లు అతనూ మెంఫిస్‌లోనే ఉన్నాడు. పొద్దున సాధనలో ఇద్దరూ పొట్టేళ్లలా ఢీకొనేవారు, స్నానాలయ్యాక డామినో ముక్కలు ముందేసుకుని కూర్చునేవారు. గస్ టొలీడో వెళ్లిపోయినా వేసవి వస్తే అల్సీడ్ ఇంటి పెరట్లో ఆ ఆట సాగుతూనే ఉంది, అల్సీడ్ భార్య నొయెలా వండిన గంబో అనే పీతల పులుసు గిన్నెలు పక్కన పెట్టుకుని. అన్నేళ్ల సాధనలో అల్సీడ్ ఒక సంగతి కనిపెట్టి కడుపులో దాచుకున్నాడు. బంతిని నిజంగా అందించే ముందు గస్ చూపుడువేలు దాన్ని గట్టిగా నొక్కుతుంది. గోరు తెల్లబడుతుంది.

ఇవాళ గోరు తెల్లబడింది. అల్సీడ్ దూకాడు. బంతి మాత్రం ఉన్నచోటే ఉంది.

తప్పు జరిగిందని రిఫరీ పసుపు గుడ్డ విసిరాడు. గస్ వంగినవాడు వంగినట్టే పడీపడీ నవ్వాడు.

"ఏరా అల్సీడూ! తొమ్మిదేళ్లు నా వేలికి కాపలా కాశావు కదరా! నాకు తెలీదనుకున్నావా? ఇట్టాంటి రోజు కోసమే దాన్ని పెంచుకొచ్చానురా!"

ఆ తప్పుకి టొలీడోకి ఐదు గజాలు ఊరికే దక్కాయి. ఆ ఊపులో వాళ్లు మెంఫిస్ వైపు చివరి గీత దాటి పాయింట్లు కొట్టేశారు. సొంత ఊరి జనమే అల్సీడ్‌ని చూసి ఊళలు పెట్టారు. కోచ్ ప్రూయిట్ అరవలేదు, అదే భయం. "కూర్చో" అని, అల్సీడ్ చోటులోకి డిషాన్‌ని పంపాడు.

డిషాన్ ఆ ఏడే జట్టులోకి వచ్చాడు. కొత్తవాళ్ల ఆచారం ప్రకారం సాధన కాగానే అల్సీడ్ భుజం కవచాలు మోసేది అతనే. పొద్దున కోచ్ ఇద్దర్నీ నిలబెట్టి మొహమాటం లేకుండా చెప్పాడు: "వచ్చే ఏడు నడుమ ఎవరు నిలబడాలో ఇవాళ తేలిపోవాలి. ఇద్దరికీ జీతమిచ్చే ఉద్దేశం నాకు లేదు." అప్పుడు అల్సీడ్ నవ్వాడు. ఇప్పుడు బెంచీ మీద కూర్చుంటే తల కొట్టేసినట్టుంది.

అయినా మొహం వేలాడేసుకుని కూర్చునే రకం కాదతను. మోసం చేసిన వేలి మీద కోపం తెచ్చుకుని లాభం లేదనుకుని గస్‌ని తేరిపార చూడటం మొదలుపెట్టాడు. గస్ దవడ ఆడుతూనే ఉంది. డిషాన్ నడకని, బూట్లని, అతను పుట్టిన ఊరిని, దేన్నీ వదలకుండా వెక్కిరిస్తూ వాగుతున్నాడు. దవడ ఆగింది. బంతి కదిలింది. మళ్లీ వాగుడు. మళ్లీ ఆగింది, మళ్లీ బంతి కదిలింది. వేలు తెల్లబడ్డా దవడ ఆడుతుంటే బంతి కదల్లేదు, పాపం డిషాన్ కదిలాడు.

అల్సీడ్‌కి పెరడు గుర్తొచ్చింది. గంబో నోట్లో పెట్టుకుని కూడా మాట్లాడే గస్, గెలిచే ముక్క చేతికి రాగానే ఠక్కున మూగవాడైపోతాడు. ఎన్ని వేసవులు ఆ మౌనం చూసి ఆట మార్చి వాణ్ణి చిత్తు చెయ్యలేదు! వేలైతే గస్ చెప్పినట్టు వింటుంది. నోరు మాత్రం ఏనాడూ గస్ మాట వినలేదు.

ఆట ముగింపుకొచ్చింది. మెంఫిస్ నాలుగు పాయింట్లు ముందుంది, కానీ టొలీడోవాళ్లు బంతితో మెంఫిస్ గీతకి గజం దూరంలో ఉన్నారు. ఇదే వాళ్ల ఆఖరి ప్రయత్నం. గెలిచినవాళ్లు ప్లేఆఫ్స్‌కి, అంటే కప్పు కోసం జరిగే పై పోటీలకి వెళతారు, ఓడినవాళ్లు ఇంటికి వెళతారు. డిషాన్ నడుము మీద చేతులేసుకుని రొప్పుతున్నాడు. అల్సీడ్ హెల్మెట్ పెట్టుకుని కోచ్ ఎదుట నిలబడ్డాడు.

"నన్ను పంపు కోచ్."

"మళ్లీ దూకితే?"

"దూకుతాను. సరిగ్గా దూకుతాను."

"ఆ వాగుడుకాయ నిన్నొకసారి వెధవని చేశాడు."

"అందుకే అడుగుతున్నా. నన్ను వాడికి వదిలెయ్. తేడా వస్తే రేపు నా పెట్టె నేనే సర్దుకుంటా."

కోచ్ ఒక్క క్షణం అతని మొహం చూసి, డిషాన్‌ని వెనక్కి పిలిచాడు. దారిలో డిషాన్ ఆగాడు. "అన్నా, వాడి మాటలు వినకు. పిచ్చెక్కిస్తాడు."

"వినడానికేరా వెళ్తున్నా" అన్నాడు అల్సీడ్.

గీత దగ్గర వంగి చెయ్యి నేలకానించాడు. గస్ మొహం వెలిగిపోయింది.

"వచ్చావా ముసలోడా! నొయెలా టీవీ ముందు కూర్చుని ఏడుస్తుంటుందిరా. ఈసారి గంబోలో పీతలు ఎక్కువ వెయ్యమను, పని పోయినోడికి బలం కావాలిగా!"

గోరు తెల్లబడింది. అల్సీడ్ కదల్లేదు. క్వార్టర్‌బ్యాక్ గొంతు చించుకుని దొంగ కేక పెట్టాడు. అల్సీడ్ కదల్లేదు.

"ఏంట్రా బిగుసుకుపోయావ్? చలేస్తోందా? చెప్పు, మా బెంచీ మీద దుప్పటి..."

మాట అక్కడ తెగింది. అల్సీడ్ దూకాడు.

గస్ లేచి నిలదొక్కుకునేలోపు అల్సీడ్ భుజం గస్ రొమ్ము కిందకి దూరింది. అల్సీడ్‌ని తోయడానికి పక్కనుంచి రావలసిన రెండో టొలీడోవాడు ఇంకా రానేలేదు. గస్‌ని ముందుకు తోసుకుంటూ పోయి, బంతి పట్టుకుని దూసుకొస్తున్న క్వార్టర్‌బ్యాక్ మీద పడేసి, అడ్డంగా చెయ్యేసి అతని నడుం పట్టేశాడు. ముగ్గురూ కూలారు. వాళ్ల మీద ఇంకో పదిమంది పడ్డారు. రిఫరీ ఒక్కొక్కర్నీ లాగి చూస్తే బంతి గీతకి ఇవతలే ఉంది. ఈల మోగింది. పసుపు గుడ్డ ఎవరి చేతినుంచీ లేవలేదు.

కోచ్ ప్రూయిట్ పొగిడే మనిషి కాదు. పక్కనుంచి పోతూ, "వేసవిలో ఒళ్లు పెంచుకుని వచ్చావంటే ఊరుకోను" అన్నాడంతే. అల్సీడ్ ఛాతీ పొంగింది. తన చోటు తనకి దక్కింది.

జనం కేకల మధ్య గస్ ఇంకా గడ్డి మీదే కూర్చుని ఉన్నాడు. అల్సీడ్ చెయ్యిచ్చి లేపాడు.

"ఎట్టా కనిపెట్టావురా? వేలు కాదుగా. ఏం చూశావు?"

"చెప్పను. వచ్చే ఏడు నీతో మళ్లీ పని పడుతుంది" అని అల్సీడ్ నవ్వాడు.

దీనికి గస్ ఏం వాగుతాడోనని చూశాడు. గస్ ఏమీ అనలేదు. దవడ ఆడలేదు. కిందకి చూస్తూ వేళ్లకంటిన మట్టిని దులుపుకుంటున్నాడు.

ఆ మౌనం అర్థం ప్రపంచంలో అతని కంటే బాగా ఎవరికీ తెలియదు. గస్ నోరు ఆగిందంటే అది నిజం: అతనికి ఇదే ఆఖరి ఆట, వచ్చే ఏడు లేదు. గస్ మెడ వెనక చెయ్యేసి దగ్గరికి లాక్కుని, ఇన్నేళ్లూ కట్టుకున్న భార్యకి కూడా చెప్పని రహస్యం అతని చెవిలో చెప్పేశాడు.

గస్ కళ్లు పెద్దవి చేశాడు. "అంటే... డామినోలు కూడానా? నేనోడిన ఆటలన్నీనా?"

"అన్నీ."

"ఒరేయ్ దొంగ వెధవా!" గస్ నవ్వుతూనే మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "ఆగు, వేసవి రానీ. మాట్లాడుతూ మాట్లాడుతూనే ముక్క దించుతా."

"నీ వల్ల కాదులేరా" అని, అల్సీడ్ అతని భుజం మీద చెయ్యేసి టొలీడో వాళ్ల గది వైపు నడిచాడు. తలుపు దాకా గస్ నోరు మూయలేదు. అల్సీడ్ ఒక్క మాటకి కూడా అడ్డు తగల్లేదు.