బొట్టు పెట్టిన కంప్యూటర్

అరువెద్దుతో దున్నేవాడి చూపు చాలు మీద నిలవదు. ఎద్దుగలాయన ఎప్పుడొచ్చి పలుపు పట్టుకుంటాడోనని గట్టు వంకే పోతుంటుంది. రావుగారి ఎడిటింగ్ ఆఫీసులో కూర్చున్న మైత్రేయి చూపూ అంతే. ఒకసారి తెర మీద, ఒకసారి తలుపు మీద.

తెర మీద నీలం గీత నత్తలా పాకుతోంది. అది ఈ కొస నుంచి ఆ కొసకి చేరితే, షేక్‌పేట పాత ఊరి ఆడవాళ్ల బతుకమ్మ మీద తను తీసిన బుల్లి సినిమా మొత్తం ఒక ఫైలై బయటికొస్తుంది. సాయంత్రం అయిదులోగా ఆ ఫైలు కాలేజీ వెబ్‌సైటులో పడాలి. పడకపోతే ఏడాది గంగలో కలిసినట్టే.

"మహర్నవమి రోజున గడువేంటి సార్?" అని క్లాసులో ఎవరో అడిగితే, "పండగపూట ఇంటిపట్టునే ఉంటారు కదమ్మా, తీరిగ్గా పంపించండి" అన్నాడు మాష్టారు. పొయ్యి లేని ఇల్లుండదన్నంత ధీమాగా ప్రతి ఇంట్లోనూ ఒక కంప్యూటర్ ఉంటుందనుకున్నాడాయన.

మైత్రేయి ఇంట్లో పొయ్యి ఉంది. కంప్యూటర్ లేదు. కోర్సులో చేరేటప్పుడే చెప్పారు, పిల్లలంతా ఫలానా రకం లాప్‌టాప్ కొనుక్కోవాలి, మామూలువి ఈ పనికి ఆగవు అని. కొట్టుకెళ్లి ధర చూసొచ్చింది. ఇంటికొచ్చి, "లాప్‌టాప్ వద్దు నాన్నా, కళ్లు పోతాయిట" అంది. సూర్యనారాయణగారు నమ్మేశారు. నమ్మి ఊరుకుంటేనా! గుడికొచ్చిన వాళ్లందరికీ, "మా అమ్మాయికి అలాంటి సోకులు లేవండీ" అని చెప్పుకున్నారు. ఆయన ఫిల్మ్‌నగర్‌లో అర్చకులు. సినిమావాళ్ల కొబ్బరికాయల్లో సగం ఆయన చేతిమీదుగా పగిలేవే. అలా ఏళ్లుగా తెలిసిన రావుగారు, "పొద్దుటిపూట మా మెషీన్ ఖాళీయే కదండీ, అమ్మాయిని వచ్చి నేర్చుకోమనండి" అన్నారు. అదీ మైత్రేయి అరువెద్దు కథ.

గీత సగం దాటింది. తలుపు తెరుచుకుంది.

"ఏంటమ్మాయ్, ఇంకా బండి తోలుతూనే ఉన్నావా?" రావుగారు పట్టు పంచె మీద సిల్కు చొక్కా తొడుక్కుని, పెళ్లివారింటి పెద్దలా వచ్చారు. వెనకాల బంతిపూల బుట్టలు, గుమ్మడికాయ, నిమ్మకాయల సంచీ. "ఆపెయ్ ఆపెయ్. ఆయుధపూజ టైమైంది."

"పూజ మధ్యాహ్నమన్నారు కదండీ?"

"రాత్రి మీ నాన్నగారే ఫోన్ చేసి ముందుకు జరిపారు. మధ్యాహ్నం కొండమీద పెద్ద నిర్మాతగారింట్లో పూజుందిట. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు. పూజ సంగతి నాన్నది, మెషీన్ సంగతి రావుగారిది. మధ్యలో తన సంగతి ఒకటుందని ఎవరికి తెలుసు?

"ఇంకాస్సేపు ఉంటే..." అనబోయింది.

"వర్జ్యం వచ్చేస్తుంది తల్లీ. వచ్చే నెల్లో మన సినిమా రిలీజు. నువ్వు పంతులుగారి అమ్మాయివి, లక్ష్మిలాంటి దానివి, నీ చేత్తోనే ఆపు. శుభం."

గుమ్మంలో అప్పుడే నాన్న అడుగుపెట్టారు, చేతిలో కలశం చెంబుతో. ఆయన వెనక ఫైనాన్షియరు, ఎడిటరు, ఆఫీసు బలగమంతా. మైత్రేయి ఏమని చెప్పాలి? మీ మెషీన్‌తో నా పని కాలేదు, మీ పూజ ఆపండి అనా? పొరుగింటి రోకలి అడిగి తెచ్చుకుని, వాళ్లు వడ్లు దంచుకునే వేళకి ఇవ్వనంటే ఎలా ఉంటుంది?

తన చేత్తోనే ఆపింది. నీలం గీత చటుక్కున మాయమైంది.

"నీ ఆయుధం కూడా పెట్టమ్మా, చల్లగా ఉంటుంది" అన్నారు నాన్న పళ్లెం చాపి. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆయన పళ్లెం చాపితే పుస్తకమో, పలకో, కలమో పెట్టిన చెయ్యి. ఆలోచించకుండానే మెషీన్‌కి తగిలించి ఉన్న తన హార్డ్‌డిస్కు ఊడదీసి పళ్లెంలో పెట్టేసింది. పెట్టాక గానీ గుర్తురాలేదు. సినిమా అంతా అందులోనే ఉంది.

మంత్రాలు, గంట, కర్పూరం. తెరకి గంధం, మూడు బొట్లు. కీబోర్డు మీద అక్షింతలు. అంతా అయ్యాక సూర్యనారాయణగారు ఖండితంగా చెప్పారు. "రేపు పొద్దున నేనొచ్చి ఉద్వాసన చెప్పేదాకా ఎవరూ చెయ్యి వెయ్యకూడదు. యంత్రాలకి ఇవాళ విశ్రాంతి."

రావుగారు తాళం వేసి చెవి జేబులో వేసుకున్నారు. నాన్న స్కూటీ ఎక్కి తరవాతి పూజకి వెళ్లిపోయారు. మైత్రేయి చేతిలో ప్రసాదం లడ్డూ మిగిలింది.

సందు మొగలో నిలబడి ముందు సిద్ధార్థకి ఫోన్ చేసింది. క్లాసులో కాస్త మనసున్నవాడు, జూబ్లీహిల్స్ పిల్లాడు.

"లాప్‌టాపా? నావి రెండున్నాయి మైత్రీ, కానీ ఒకటి నాతోపాటు గోవాలో ఉంది."

"రెండోది?"

"నాన్నమ్మ పూజలో పెట్టేసింది. ముట్టుకుంటే చంపేస్తుంది. ఎందుకు, నీది పాడైందా?"

పాడవడానికి ఉండొద్దూ! "ఆఁ, అలాంటిదే" అని పెట్టేసింది.

ఆటో దొరకలేదు. కనిపించిన ఆటోలన్నీ అరటిపిలకలు కట్టుకుని ఊరేగుతున్నాయి. షేక్‌పేట వైపు పరుగులాంటి నడక. మంజులత ఇంటర్నెట్ సెంటరు తలుపు తీసే ఉంది. మంజులత అంటే తన సినిమాలో మొదటి పాట ఎత్తుకునే మనిషి. తంగేడుపూలు పేరుస్తూ కెమెరా వంక చూసి ఫక్కున నవ్విన మనిషి.

"ఏమైంది బిడ్డా, గట్ల ఉరుకొస్తున్నవ్?"

"అక్కా, ఒక సిస్టం కావాలి. అర్జెంటు."

"ఇయ్యాల సిస్టం ఏడికెళ్లి తేవాలె? జర లోపలికి సూడు."

చూసింది. వరసగా ఉన్న కంప్యూటర్లన్నిటికీ బంతిపూల దండలు. జిరాక్స్ మెషీన్‌కి కూడా బొట్టు. ఊళ్లో యంత్రాలన్నీ ఇవాళ ఒక్కపెట్టున దేవుళ్లయిపోయాయి. రెండేసి యంత్రాలున్నవాళ్లకి పరవాలేదు. ఇంకోటి ఉంటుంది.

"నీ కోసం ఒకటి తీస్తుంటి. మా ఆయన లొల్లి చేస్తె చేసిండు. గని ఇవి జిరాక్సులకు, ఆధార్ కార్డులకు పనికొస్తయ్. నీ సిన్మ పని జేస్తయా?"

"చెయ్యవక్కా. పైగా డిస్కు రావుగారి ఆఫీసులో, పూజలో ఉంది."

"మరి గీడెందుకు నిలబడ్డవ్? పూజ చేసింది ఎవరు?"

"నాన్న."

"మరింకేంది! నడు మీ నాయిన దగ్గరికి. మొన్న ఎంగిలిపూల బతుకమ్మ నాడు నన్ను ఎండల ఎన్నిసార్లు తిప్పినవ్? ఇంకోపారి అక్కా, ఇంకోపారి అక్కా అని. గా తిరుగుడంత ఉత్తదేనా? నా మొకం గా కాలేజోళ్లు సూడకపోతే మంచిగుండదు, చెప్తున్న!"

మంజులతే స్కూటర్ తీసి కొండమీద దాకా దింపిపోయింది.

నిర్మాతగారి గేటు ముందు కార్లు బారులు తీరి ఉన్నాయి, ఒక్కో చక్రం కింద ఒక్కో నిమ్మకాయతో. పూజ ఇంకా మొదలు కాలేదు. సూర్యనారాయణగారు వాకిట్లో గుమ్మడికాయ మీద కర్పూరం సర్దుతున్నారు. చెమటకి విభూతి కారి కనుబొమ్మల్లో చేరింది. పొద్దుటినుంచి ఇది ఎన్నో పూజో ఆయనకే లెక్క లేదు. కూతుర్ని చూసి ఆయన చెయ్యి ఆగిపోయింది.

"ఏంటమ్మా, ఇంట్లో అందరూ బానే ఉన్నారా?"

"ఉన్నారు నాన్నా. నా సినిమా పూజలో ఉండిపోయింది."

చెప్పుల స్టాండు పక్కన నిలబడి, ఒక్క గుక్కలో చెప్పేసింది. గీత, గడువు, ఏడాది అన్నీ. ఆయన కోపం ముందు చెవుల్లో కనబడుతుంది, ఎర్రగా.

"పొద్దున్నే ఒక్క మాట అంటే ఏం పోయేది? నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?"

"ఆ యంత్రం మనది కాదు కదా నాన్నా."

సూర్యనారాయణగారు కర్పూరం పొట్లం పక్కన పెట్టి మేనేజరుని పిలిచారు. "ఇప్పుడే వస్తాను బాబూ."

"ముహూర్తం దాటదా పంతులుగారూ? సార్ కిందికి దిగుతున్నారు!"

"వస్తానన్నాను కదా."

స్కూటీ దిగువకి జారింది. రావుగారు ఇంట్లో పులిహోర తింటున్నవారు తింటున్నట్టే ఆఫీసు గుమ్మానికి వచ్చారు, జేబులో తాళంచెవి పట్టుకుని, ఇవ్వక తప్పదన్నట్టూ ఇవ్వలేనన్నట్టూ.

"చెయ్యి వెయ్యొద్దని మీరే అంటిరి. ఇప్పుడు మీరే తియ్యమంటే ఎలాగండీ? రిలీజుంది."

"రావుగారూ, సంకల్పం ఎవరి పేర చెప్పాను?"

"నా పేరే. నా గోత్రమే."

"అంటే మీ వస్తువులే పూజకి చెందుతాయి. మా అమ్మాయి డిస్కు మీ సొత్తు కాదు కదా? పొరపాటున కలిసింది. అది తీస్తే దోషం లేదు."

లాయరు చెప్పినా ఇంత శుభ్రంగా చెప్పలేడనిపించింది కాబోలు, రావుగారు తాళం తీశారు. సూర్యనారాయణగారు లోపలికెళ్లి, కలశం కదలకుండా, అక్షింతలు దులిపి డిస్కు తెచ్చి కూతురి అరచేతిలో పెట్టారు.

"ఇంక వెళ్లి చేసుకో అమ్మా."

మైత్రేయి కదల్లేదు.

"వెళ్లమ్మా, టైమవుతోంది."

"ఎక్కడికి నాన్నా?"

ఆయన డిస్కు వంక చూశారు, అరచేతిలో సబ్బుబిళ్లంత ఉంది. గాజు తలుపు అవతల బొట్లు పెట్టుకుని కూర్చున్న మెషీన్ వంక చూశారు. కళ్లు పోతాయని తన కూతురు వద్దన్నది దేన్నో, అదెందుకు వద్దందో, ఆయన మొహంలో ఒక్కొక్కటే దిగింది. చూడలేక మైత్రేయి తల వంచుకుంది.

"తాళం వెయ్యకండి రావుగారూ" అన్నారు ఆయన. "ఉద్వాసన చెబుతాను."

"అయ్యబాబోయ్! రేపు సినిమా తేడా కొడితే?"

"సూర్యనారాయణ తొందరపడ్డాడని నా పేరు చెప్పండి. ఫిల్మ్‌నగర్ అంతా చెప్పండి."

"హిట్టయితే?"

"అప్పుడు నా పేరు ఎవరు చెబుతారండీ? హీరోగారిది చెబుతారు."

రావుగారికి నవ్వొచ్చింది. వచ్చిన నవ్వుని మింగి, "నేను టీకి వెళ్తున్నాను. నేనిక్కడ లేను. నాకేం తెలీదు" అని సందు చివరికి నడిచారు. తాళంచెవి మాత్రం తలుపుకే ఉంది.

సూర్యనారాయణగారు కలశాన్ని ఉత్తరానికి జరిపారు. "శోభనార్థే క్షేమాయ పునరాగమనాయ చ." తెర మీద గంధం ఉత్తరీయంతో తుడిచారు. "కానియ్" అన్నారు.

మళ్లీ మొదటినుంచి. మెషీన్ ఫ్యాను తిరగ్గానే లోపలున్న పసుపు ఘాటుగా వీచింది. కీబోర్డు సందుల్లో అక్షింతలు కరకరమన్నాయి. నీలం గీత కదిలింది. పొద్దున్నకంటే నెమ్మదో, తనకే అలా ఉందో. మైత్రేయి లేచింది, కూర్చుంది, మళ్లీ లేచింది. గాజు తలుపు అవతల మెట్టు మీద నాన్న కూర్చుని ఉన్నారు. ఆయన ఫోన్ మోగుతోంది. ఆగుతోంది. మళ్లీ మోగుతోంది.

"నాన్నా, వాళ్లే కదా. మీరు వెళ్లండి. నేను చూసుకుంటాను."

"నేను లేచెళితే, ఎవరైనా వచ్చి ఆపెయ్యమంటే, నువ్వు ఆపేస్తావు. నాకు తెలుసు" అన్నారు ఆయన తల తిప్పకుండా.

తరవాత ఫోన్ మోగడం మానేసి ఒకసారి టింగుమంది. ఆయన చదువుకుని బొడ్లో దోపుకున్నారు.

"ఏమన్నారు?"

"వేరే ఆయన దొరికార్ట. ఇక మీదట కూడా ఆయనే చూసుకుంటార్ట. నీ గీత చూడు ముందు."

గీత కొసకి చేరింది. ఫైలు పుట్టింది. కాలేజీ సైటు ఒకసారి తెల్లమొహం వేసి, ఒకసారి తిరగబడి, మూడోసారికి తీసుకుంది. అందింది అని పచ్చటి అక్షరాలు పడేసరికి అయిదుకి చిటికెడు టైము ఉంది. మైత్రేయికి కేకేద్దామనిపించింది. మెషీన్ తన చేత్తోనే ఆపింది, ఈసారి పనయ్యాక.

సూర్యనారాయణగారు మళ్లీ గంధం తీసి, పూసి, మూడు బొట్లు పెట్టారు. రావుగారు టీ నుంచి వచ్చి, తొంగిచూసి, "నేనేం చూళ్లేదు సుమండీ" అని తాళం వేసుకున్నారు. ఆ వెంటనే, "వచ్చే నెలంతా రిలీజు పని, మెషీన్ పొద్దున్నా ఖాళీ ఉండదమ్మాయ్" అన్నారు, చెప్పలేక చెబుతున్నట్టు.

స్కూటీ మీద వెనక కూర్చుంది. బొట్టు పెట్టిన లారీలు, బస్సులు పక్కనుంచి పోతున్నాయి. వచ్చే నెల ఎక్కడ కూర్చోవాలి? వచ్చే సెమిస్టరులో ఇంకా పెద్ద సినిమా తియ్యాలి. ఆ ఆలోచన ఈగలా చుట్టూ తిరుగుతోంది, కొడితే పోవడం లేదు.

"ఎంతవుతుందమ్మా అది?" అన్నారు నాన్న రోడ్డు వంక చూస్తూ.

తెలీదు నాన్నా అనే మాట పెదాల దాకా వచ్చింది. అలవాటైన మాట. మింగేసి, ధర చెప్పింది. చిల్లరతో సహా.

స్కూటీ కాస్త నెమ్మదించింది. ఇంటి సందు వచ్చింది. ఆయన తిప్పలేదు.

"ఎక్కడికి నాన్నా?"

"పండగపూట ఆ లాప్‌టాప్ కొట్లు తెరిచే ఉంటాయి కదా. కొనడానికి కాదులే" అన్నారు సూర్యనారాయణగారు. "ఊరందరి ఆయుధాలకీ బొట్టు పెట్టొచ్చాను. నా కూతురి ఆయుధం ఎలా ఉంటుందో ఇంతవరకూ చూడలేదు. చూపించు."