రబ్బరు కింది అల్లిక

ఎనుమాముల మిర్చి మార్కెట్లోకి టీ బండి వచ్చిందంటే కూలి ఆడవాళ్లంతా మొగిలమ్మ పక్కన చోటు వెతుక్కుంటారు. టీ చల్లారితే గ్లాసు ఆమెకు ఇస్తే చాలు. రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే మళ్లీ పొగలు కక్కుతుంది. చిన్నప్పటి నుంచి మిరపకాయల్లో తాలు, అంటే రంగు పోయిన కాయలు, ఏరిన చేతులవి. కారం తోలు దాటి లోపలికి పోయి అక్కడే కాపురం పెట్టింది. అందులో ఎవరికీ వింతేమీ కనపడలేదు. ఈ పనిలో కొందరికి నడుం నొప్పి మిగులుతుంది, మొగిలమ్మకు వేడి మిగిలింది.

చిక్కల్లా ఒకటే, ఆ వేడి మనసును బట్టి ఎక్కుతుంది. కోపమొస్తే ఎక్కుతుంది, ప్రేమ పొంగితే అంతకన్నా ఎక్కువగా ఎక్కుతుంది. అందుకే కూతురు వినోదను మోచేతుల మీదే ఎత్తుకుని పెంచింది. తలకు నూనె పెట్టడం, జడ వేయడం, జ్వరమొస్తే నుదురు ముట్టి చూడటం అన్నీ పక్కింటివాళ్ల పాలబడ్డాయి.

వినోద పెద్దదై, పెళ్లయి, తనూ తాలు ఏరే పనికి వచ్చింది. పోయిన సీజన్ చివర్లో, కడుపుతో ఉన్నప్పుడు, కబుర్లలో పడి పాలగ్లాసు చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. ఆ పాలు చల్లారలేదు. వినోద గమనించలేదు గానీ తల్లి గమనించింది.

మార్కెట్ గేటు దగ్గర గోనె సంచులూ సుతిలీ తాడూ అమ్మే సారంగపాణి దుకాణానికి ఆ రోజే పోయింది మొగిలమ్మ.

"తమ్మీ, నాదైతే అయిపోయింది. నా బిడ్డ చేతులు గూడ గిట్లనే అయితే, పుట్టబోయే పిల్లనెవలెత్తుకోవాలె?"

"ఫికర్ చెయ్యకక్కా, నేను చూస్త," అన్నాడు సారంగపాణి. మంచి మనిషి, కాకపోతే నిదానం మాత్రం తెలియదు. విదేశాల్లో, వేడి గాజు పట్టుకునే ఫ్యాక్టరీల కోసం కాలని దారంతో అల్లి, వేళ్ల నుంచి మణికట్టు దాకా రబ్బరు పూసిన గ్లౌజులు దొరుకుతాయని కనుక్కుని, తాలు ఏరేవాళ్లందరికీ సరిపడా ఆర్డరు పెట్టేశాడు. ఉత్త కారానికి అంత గట్టివి అక్కర్లేదు. అక్కను మనసులో పెట్టుకునే అవి ఎంచాడు. మార్కెట్లో అందరూ పిలిచే పేరే కాగితాల్లోనూ రాశాడు, రబ్బరు గ్లౌజులని.

పాప పుట్టి మూడు నెలలైంది. సరుకు హైదరాబాద్ చేరింది, కస్టమ్స్‌లో ఆగింది. సోమవారం నుంచి వినోద మళ్లీ పనికి పోవాలి.

"ఈ సీజన్‌కు పనికి పోకుండ ఆగరాదు బిడ్డా?"

"ఆగితే ఇల్లెట్ల నడుస్తదే అమ్మా?"

మర్నాడు పొద్దున్నే మొగిలమ్మ సారంగపాణితో హైదరాబాద్ రైలెక్కింది.

కస్టమ్స్ ఆఫీసులో అధికారి శోభారాణి మేడం వాళ్లను కూర్చోబెట్టి మాట్లాడింది. "మీ మీద అనుమానం కాదు సారంగపాణి గారూ. మీరు రబ్బరు గ్లౌజులని రాశారు. ఒట్టి రబ్బరువైతే పన్నుల పట్టికలో ఒక పద్దు, దారంతో అల్లిన గ్లౌజుకు రబ్బరు పూస్తే ఇంకో పద్దు. పన్ను కూడా మారుతుంది. లోపల ఉన్నది తనంతట తాను గ్లౌజా, రబ్బరుకు లోపల వేసిన ఉత్త అస్తరా అన్నది తేలాలి. కోసి చూశాను, రబ్బరంతా దారంలో ఇంకిపోయి ఉంది, విడదీయలేకపోయాను. ల్యాబ్‌కు పంపుతాను."

"ఎప్పటికొస్తది మేడం?"

"మీ సీజన్ దాటిపోవచ్చు."

సారంగపాణి తల పట్టుకున్నాడు. మొగిలమ్మ చేయి చాచింది. "బిడ్డా, అండ్ల ఒక్కటి జర నాకియ్యి."

ఇచ్చింది. మొగిలమ్మ దాన్ని తొడుక్కోలేదు, పిడికిట్లో పట్టుకుని కళ్లు మూసుకుంది. చల్లారని పాలగ్లాసును తలచుకుంది. పాప ఏడుస్తుంటే చేతులు వెనక దాచుకుని నిలబడిన వినోదను ఊహించుకుంది. రబ్బరు చెమర్చింది, మెత్తబడింది, బొట్లుబొట్లుగా కారింది. శోభారాణి బల్ల మీది ఫైళ్లు పక్కకు జరిపి పాత పేపరు పరిచింది. వాసనకు అటెండరు లేచి కిటికీ తెరిచాడు.

చివరికి మొగిలమ్మ పిడికిలి విప్పింది. పసుపురంగు దారంతో అల్లిన గ్లౌజు, ఐదు వేళ్లూ నిండుగా, ఒక్క పోగు చెదరకుండా ఉంది. శోభారాణి కాసేపు చల్లారనిచ్చి తొడుక్కుంది, వేళ్లు ఆడించి చూసింది.

"అస్తరు కాదు, గ్లౌజే. రబ్బరు దీని మీద పూత, అంతే," అంది. ఆ మాటే ఫైల్లో రాసి, కాగితాలు దిద్దుకుని రమ్మని సారంగపాణిని పంపింది. తర్వాత తన బల్ల మీది టీ గ్లాసు మెల్లగా మొగిలమ్మ వైపు జరిపింది. "అమ్మా, ఇది కూడా కొంచెం..."

సోమవారానికి పెట్టెలు ఎనుమాములలో దిగాయి. మొదటి జత మొగిలమ్మ దగ్గరుండి వినోదకు తొడిగించింది. అందరికీ పంచాక సారంగపాణి ఇంకో జత తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని ఇంటికి తీసుకుపోయి గూట్లో దాచింది. పాప మీద తనకున్న ప్రేమకు ఆ గ్లౌజు ఆగుతుందో లేదోనని భయం.

సీజన్ అయిపోయిన సాయంత్రం వినోద అరుగు మీద పాలగ్లాసు పట్టుకుని కూర్చుంది. ఓ గుక్క తాగి మొహం చిట్లించింది.

"చల్లగైనయే అమ్మా."

మొగిలమ్మ కళ్ల నిండా నీళ్లు వచ్చాయి. ఎన్నాళ్లకో కలిగిన అసలైన సంతోషం అది. లోపలికి పోయి గూట్లోంచి జత తీసి తొడుక్కొచ్చి, పాప కోసం చేతులు చాచింది.

వినోద పాపను ఇవ్వలేదు. ఒళ్లో పడుకోబెట్టుకునే తల వంచింది. "దానికి ఇంక మస్తు రోజులున్నయి. ముందు నా నెత్తి మీద చెయ్యి పెట్టు."

మొగిలమ్మ పెట్టింది. పెట్టీ పెట్టగానే వేడి ఎక్కింది, ఎక్కకుండా ఎట్లా ఉంటుంది? రబ్బరు కరిగి కూతురి వెంట్రుకలకు అంటుకుంది.

"వెంట్రుకలు పాడైతానయి బిడ్డా, తియ్యనియ్యి."

"కత్తిరిస్తే మళ్ల మొలుస్తయి. ఉండనియ్యవే అమ్మా."

రబ్బరంతా కరిగిపోయింది. కింది అల్లిక మాత్రం కాలలేదు. దాని గుండా తల్లి చేయి వినోదకు గోరువెచ్చగా తగులుతోంది. మొగిలమ్మ చేయి తీయలేదు.