పదకొండు గంటల ఆవిడ

మా వీధిలో వారం తిరక్కుండా రెండిళ్ళలో దొంగలు పడ్డారు. ఒకరింట్లో టీవీ పోయింది, ఇంకొకరింట్లో గ్యాస్ సిలిండర్ పోయింది. టీవీ పోయినవాళ్ళ కంటే సిలిండర్ పోయినవాళ్ళే ఎక్కువ ఏడ్చారు. ఆ సాయంత్రమే మా ఆయన షాపు నుంచి వస్తూ కెమెరా డబ్బా ఒకటి చంకన పెట్టుకొచ్చారు. మోటారు పంపుల సామాను అమ్మే మనిషి కదా, లోకంలో ఏ కష్టమొచ్చినా ఏదో ఒకటి బిగిస్తే తీరిపోతుందని ఆయన నమ్మకం.

ఆదివారం బిగించే ఆయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. చెవి వెనక పెన్సిలు, భుజాన నిచ్చెన. రాగానే డ్రిల్లు తీసి మోత మొదలుపెడతాడనుకున్నాను. అబ్బే! హాలు మధ్యలో నిలబడి, "మీరు రోజూ ఇంట్లో ఎలా తిరుగుతారో ఒకసారి అలా తిరగండమ్మా" అన్నాడు. ఏ ఇంటికి వెళ్ళినా ముందు ఆ పనే చేయిస్తాడట. మనుషులు నడిచే దారి చూడకుండా గోడకి చిల్లు పెట్టడట.

ఈ వయసులో నడిచి చూపించమంటే నవ్వు రాదూ? అయినా తిరిగాను. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలో వాషింగ్ మెషిన్ దగ్గరికి, మళ్ళీ వంటింట్లోకి. ఆయన చూసి చూసి కిటికీ పక్కనున్న కుర్చీ వైపు పెన్సిలు చూపించాడు.

"ఇందులో ఎవరు కూర్చుంటారు?"

"మనుషులెవరూ కూర్చోరు. ఇస్త్రీ చెయ్యాల్సిన బట్టలు కూర్చుంటాయి."

మా అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు. కుర్చీ దిండులో పడ్డ గుంటని చేత్తో ఒకసారి తడిమి ఊరుకున్నాడు.

కెమెరా ఎక్కడ పెట్టాలన్న దగ్గర పేచీ వచ్చింది. మాకు వీధి తలుపు, దాని పక్కన పెద్ద కిటికీ, రెండూ ఒకే గోడకి ఉన్నాయి. "కిటికీకి ఎదురుగా పెడితే పగటిపూట మనిషి నల్లగా పడతాడు సార్, ముఖం తెలీదు. ఈ పక్క గోడకి పెడదాం" అన్నాడు పెద్దాయన. మా ఆయన వింటేగా! "దొంగ తలుపులోంచి వస్తాడు. తలుపుకి ఎదురుగానే ఉండాలి" అని భీష్మించుకున్నారు. చివరికి ఎదురు గోడకే, సీలింగ్‌కి జానెడు కిందగా అట్టముక్క అంటించి, మూడు చోట్ల గుర్తులు పెట్టి, చిల్లులు వేసి బిగించి వెళ్ళాడాయన. వెళ్తూ వెళ్తూ కుర్చీ వైపు మళ్ళీ చూశాడు.

అమ్మాయి మా ముగ్గురి ఫొటోలూ, నాది కళ్ళజోడూ జుట్టు క్లిప్పుతో సహా, తీసి కెమెరాకి నేర్పించింది. ఈ మూడు ముఖాలూ కాకుండా ఇంట్లో ఇంకెవరు కనిపించినా ఆయన ఫోనూ నా ఫోనూ గంట కొడతాయట. బాగానే ఉంది, దొంగకి మర్యాద తక్కువ కాకుండా గంట కొట్టి పిలుస్తారన్నమాట అనుకున్నాను.

బుధవారం ఆయన షాపు నుంచి ఫోన్ చేశారు. నా ఫోన్ ఎప్పుడూ వంటింటి గట్టు మీదే ఉంటుంది. మోగుతుంటే తీశాను.

"ఇందాకటి నుంచి చేస్తుంటే ఎత్తవేం? ఇంటికెవరొచ్చారు?"

"ఎవరూ రాలేదండీ. బీన్స్ తరుగుతున్నాను."

"పదకొండుకి తెలియని మనిషి అని వచ్చిందే నాకు. హాల్లో ఉన్నారట."

నా ఫోన్‌లోనూ అదే గంట కొట్టి ఉంది, నాకు వినబడనే లేదు. హాల్లోకి తొంగి చూశాను. ఎవరూ లేరు. తలుపు గడియ వేసినట్టే ఉంది. యంత్రానికి మతి పోయిందని కొట్టిపారేశాను. సాయంత్రం ఆయన ఫోన్ తెరిచి ఆ బొమ్మ చూపించారు. కిటికీ తెల్లగా వెలిగిపోతోంది. దాని ముందు కుర్చీలో నల్లటి ఆకారం, జుట్టు విరబోసుకుని, చేతులు వేలాడేసి. ఆడమనిషే. ముఖం చూద్దామంటే మసి పూసినట్టుంది. వీడియోలో కర్టెన్ కదులుతోంది కానీ ఆవిడ కదలడం లేదు. అలా ముప్పావుగంట.

"నాన్నా, ఆఫ్ చెయ్" అంది అమ్మాయి.

గురువారం మళ్ళీ వచ్చింది. శుక్రవారం కూడా. అదే వేళకి, అదే కుర్చీలోకి. ప్రతిసారీ ఆయన ఫోన్ చేయడం, నేను గట్టు దగ్గర తీయడం, హాల్లోకి చూస్తే ఎవరూ లేకపోవడం. తలుపు గడియ చెక్కుచెదరలేదు. బీరువాలు తెరిచాను, మంచాల కింద చూశాను, బాత్రూమ్ తలుపు కాలితో తన్ని మరీ చూశాను. అటక మీద పాత పరుపు తప్ప ఏమీ లేదు. ఇంట్లో ఎక్కడో ఉందని మాత్రం తెలుస్తోంది. పాలు పొయ్యి మీద పెట్టి గుర్తొచ్చి పరిగెత్తితే పొయ్యి ఆపేసి ఉంది, పాలు చల్లారి మీగడ కట్టి ఉన్నాయి. నేను ఆపినట్టు గుర్తులేదు. ఆ కుర్చీలో కూర్చోకుండా చేద్దామని ఉతికిన బట్టలన్నీ దాని మీద కుప్ప పోశాను. మధ్యాహ్నం చూస్తే బట్టలు నేల మీద ఉన్నాయి. శుభ్రంగా మడతపెట్టి ఉన్నాయి.

భయం సంగతి అటుంచితే, మా ఆయన తీరు మారింది. ఆయన సూటిగా ఏమీ అడగలేదు. అడిగినా బాగుండేది. "మన తాళంచెవి ఇంకెవరికైనా ఇచ్చావా?" అని ఒకసారి, "నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పు, నేనేమీ అనను" అని ఇంకోసారి. శనివారం మిట్టమధ్యాహ్నం బెల్లు కొట్టకుండా, తన తాళంచెవితో బయటి నుంచే గడియ తీసుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా లోపలికొచ్చారు. సొంత ఇంట్లోకి! నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత బాత్రూమ్‌లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఆ మనిషి నా మాట మీద ఎప్పుడూ రెండో మాట అడగలేదు. పోయిన వస్తువు మళ్ళీ కొనుక్కోవచ్చు, ఈ నమ్మకం పోతే నాకింక ఆ ఇంట్లో ఏమీ మిగలదు. ఆవిడెవరో తేలాల్సిందే.

సోమవారం పెద్దాయనకి నేనే ఫోన్ చేసి పిలిపించాను.

"మీరు చెప్పిన పక్క గోడకే పెట్టండి. కుర్చీలో కూర్చున్న మనిషి ముఖం కనబడాలి నాకు. కనుబొమ్మల్లో వెంట్రుకలతో సహా."

ఆయన కెమెరా విప్పి, కుర్చీ ముఖంలోకి చూసేట్టు పక్క గోడకి బిగించాడు. దిగి వచ్చి నిచ్చెన ముడుస్తూ, "నేను నడవమన్నప్పుడు మీరు తప్పు చూపించారమ్మా" అన్నాడు.

"తప్పేంటి? రోజూ తిరిగేదే తిరిగాను."

"పని చేసే దారి చూపించారు. అంతా అదే చూపిస్తారు." కుర్చీ దిండుని ఒకసారి తట్టి నిచ్చెన భుజానికెత్తుకున్నాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. ముసలాయనకి చాదస్తం అనుకున్నాను.

మంగళవారం అమ్మాయి కాలేజీకి, ఆయన షాపుకి వెళ్ళగానే తలుపుకి గడియా గొళ్ళెమూ రెండూ వేశాను. చీపురు తిరగేసి పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అక్కడి నుంచి కుర్చీ నేరుగా కనిపిస్తుంది. పదిన్నరైంది. కుర్చీ ఖాళీగా ఉంది. ఎండ కిటికీలోంచి నేల మీదికి వచ్చింది. రెప్ప వేయకుండా చూస్తున్నాను.

తలుపు దబదబా బాదుతున్నారు. "తియ్యవే! నేను!" మా ఆయన గొంతు. పరిగెత్తి తీశాను. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో షాపులోని ఇనప గొట్టం. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

"ఎక్కడుంది?"

"ఎవరూ రాలేదండీ. ఇందాకటి నుంచి ఇక్కడే కాపలా ఉన్నాను. రెప్ప వేస్తే ఒట్టు."

"రాకపోవడమేంటి? దారంతా చూస్తూనే వస్తున్నాను. నేను తలుపు కొట్టేదాకా కుర్చీలోనే ఉంది."

గోడ గడియారం వైపు చూశాను. పన్నెండు కావస్తోంది. నా చేతిలో చీపురు లేదు. కుర్చీ కాళ్ళ దగ్గర పడి ఉంది.

"ఇప్పుడు ముఖం బాగా పడింది. అనవసరంగా నిన్ను..." అని ఆగిపోయి, నా తల మీద చెయ్యి వేశారు. వారం రోజుల తర్వాత మళ్ళీ నా మనిషిలా మాట్లాడారు. "చూడు, ఎక్కడైనా చూశావేమో."

చూశాను. వెలుగులో అంతా తేటగా ఉంది. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. క్లిప్పు తీసేసిన జుట్టు. బుగ్గలు కిందికి జారిపోయి, పెదవులు కొద్దిగా విడిపోయి ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ వాటితో దేన్నీ చూడడం లేదు. ఏడుస్తోందేమోనని వెతికాను. ఏడుపైనా ఉంటే ఓదార్చుకోవచ్చు. అక్కడ ఏమీ లేదు. అందరూ వెళ్ళిపోయాక తలుపులు మూసేసిన ఇల్లులా ఉంది ఆ ముఖం. అది నాదే. చూసిన మరుక్షణమే తెలిసింది, తెలిసి నా గురించి నాకే భయమేసింది.

ఆయన ఇంకా బొమ్మని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నారు.

"ఎవరే ఈవిడ? మన ఇంట్లోకొచ్చి, నీ నైటీ వేసుకుని ఎంత దర్జాగా కూర్చుందో చూడు!"

పద్దెనిమిదేళ్ళుగా ఒకే కప్పు కింద పడుకున్న మనిషి, నా నైటీని గుర్తుపట్టారు.

ఆయన ఫోనులోంచి తలెత్తారు. ఎప్పటిలా ముఖం సర్దుకునే ఓపిక నాకు లేదు. ఉన్నది ఉన్నట్టుగానే ఆయన వైపు తిప్పాను. ఆయన నా నైటీ చూశారు, నా జుట్టు చూశారు, నా ముఖంలోకి చూశారు. చూసి, గొట్టం పట్టుకున్న చేయి బిగించి, ఒక అడుగు వెనక్కి వేశారు.