పెద్దవాళ్లు ముందు ఎక్కితే

ఊళ్లో ఉన్నంతసేపు మా ఆటో అంత బుద్ధిమంతురాలు ఇంకోటి ఉండదు. కశింకోట దాటి హైవే మీద స్పీడు నలభై అయిదు దాటిందా, వెనక భాగం తేలడం మొదలుపెడుతుంది. కుడివైపు దిగుతుంది, లేస్తుంది, మళ్లీ దిగుతుంది, ఇక ఆగదు. చంటిపిల్ల ఊయలను వెనక నుంచి ఎవరో ఊపుతున్నట్టు ఉంటుంది. నలభైకి తగ్గిస్తే ఏమీ ఎరగనట్టు మామూలైపోతుంది. ముందు లారీల గాలి అనుకున్నాను. తరవాత టైర్లలో గాలి చూపించాను. రెండూ కాదు.

అనకాపల్లి నుంచి ఎలమంచిలికి తిరిగే సర్వీసు ఆటో అది. పన్నెండేళ్లుగా మా ఆయన అప్పలరమణ నడిపాడు. వేసవిలో మేడమెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఏక్సిలేటరు తిప్పే చెయ్యి అదే. కట్టు విప్పాక కూడా మూడు నెలలు బండి పట్టుకోవద్దన్నాడు డాక్టరు. నాకు లైసెన్సు ఉంది. ఎప్పుడో సరదాకి తీయించినది. గుమ్మంలో ఖాళీగా నిలబడ్డ ఆటోను చూస్తూ కూర్చోలేక హ్యాండిల్ పట్టుకున్నాను. ఒక్క మాట దాచుకోకుండా చెప్తాను: నలభై ఒక్కేళ్లలో నేను చేసిన పనులన్నిటిలో నాకు ఇంత నచ్చింది ఇంకోటి లేదు. పొద్దున్నే చెరుకు తోటల పక్క నుంచి బండి పోతుంటే ఎవరికీ వినబడకుండా పాడుకునేదాన్ని కూడా.

ఈ ఊపు దాపురించి అంతా చెడగొట్టింది. మూడో వారంలో ఒకావిడ దారిలోనే దిగిపోయింది. "నీ బండిలో ప్రేణం అరసేతిలో ఎట్టుకోవాలమ్మా" అని స్టాండులో నలుగురికీ చెప్పింది. ఆ మాట సాయంత్రానికి మా ఇంటికి చేరింది.

"బండికేటీ నేదు తలుపులూ, నీ సెయ్యే బాగోనేదు" అన్నాడు మా ఆయన. తలుపులు నా పేరు. "సోమవారం నించి ధనరాజుకి ఇచ్చేత్తాను. ఆడు తోలుతాడు."

ధనరాజ్ స్టాండులో ఖాళీగా ఉండే డ్రైవరు. నాకు ఒళ్లు మండింది. "టౌనులో రానిది హైవే మీదే ఎందుకొత్తాది మరి? నా సెయ్యి అక్కడికెల్లేక మారిపోతాదేటి?"

"పన్నెండేళ్లు నాను తోలేను. ఒక్కపాలి ఊగిందా సెప్పు."

ఆ రాత్రి అన్నం సహించలేదు. నిజంగానే నా చెయ్యి మంచిది కాదేమోనని మొదటిసారి అనుమానం వచ్చింది. బండి పోతుందన్న బాధ కంటే అదే ఎక్కువ కుట్టింది.

గురువారం పొద్దున ఆయనే పందెం పెట్టాడు. "ఒక్క ట్రిప్పు నాను తోల్తాను. నువ్వు ఎనకాల కూకో. ఊగితే బండిది తప్పు. ఊగకపోతే నీది." డాక్టరు చూస్తే ఇద్దరికీ చీవాట్లే. అయినా సరే అన్నాను.

స్టాండులో ఆయన గొంతు వింటే ఎవరికైనా కోపం వస్తుంది. "బక్కోళ్లు ముందెక్కండి! లావోళ్లు ఆకర్ని!" ఆటోకి ఎడమవైపే దారి. కుడివైపు కడ్డీ ఉంటుంది కాబట్టి ముందు ఎక్కినవాళ్లు కుడి మూలకు జరగాల్సిందే. నేను బక్కదాన్ని. ముందు ఎక్కి ఆ మూలలో ఇరుక్కున్నాను. పొట్ట ఉన్న ఒకాయన చిట్టచివర ఎక్కి, "నీ నోరు పడిపోనూ" అని మా ఆయన్ని ఆశీర్వదించాడు. మా ఆయన నవ్వేశాడు. ఇలాంటివి ఆయనకు రోజూ ఉండేవే.

కశింకోట దాటింది. నలభై అయిదు. యాభై. బండి చాప పరిచినట్టు సాఫీగా పోయింది. అద్దంలో మా ఆయన నా వైపు చూశాడు. తిట్టినా బాగుండేది. ఎలమంచిలి వచ్చేవరకు తల బయటకు తిప్పుకుని కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

ఎలమంచిలిలో ఆయన టీ తాగడానికి వెళ్లాడు. తిరుగు ట్రిప్పుకి జనాన్ని నేనే పిలిచాను. పెద్దవాళ్లు ఎండలో నిలబడి ఉండగా కుర్రకారు ముందు ఎక్కి కూర్చోవడం నేను చూడలేను. "పెద్దోళ్లు ముందెక్కండమ్మా" అన్నాను, ఈ మూడు వారాలుగా అంటున్నట్టే. దేవుడమ్మ అని బాగా భారీ మనిషి, ఆవిడ వెనకే అంతే భారీగా ఉన్న ఆవిడ తోటికోడలు ఎక్కారు. ఇద్దరూ కుడి మూల నిండిపోయారు. ఇద్దరు కాలేజీ పిల్లలు ఎడమ చివర సర్దుకున్నారు. నేను ముందు, డ్రైవరు సీటు పక్కన కూర్చున్నాను.

మా ఆయన వచ్చి చూసి మొహం చిట్లించాడు. "పిన్నీ, నువ్వు దిగి ఇటు సివరికి రా."

"దిగను. మోకాళ్లు నొప్పులు. నీకు నచ్చకపోతే నువ్వే దిగు" అంది దేవుడమ్మ.

ఆయన గొణుక్కుంటూ బండి తీశాడు. హైవే ఎక్కి నలభై అయిదు దాటగానే వెనక భాగం తేలింది. దిగింది, లేచింది, మళ్లీ దిగింది. ఆయన భుజాలు బిగుసుకుపోయాయి. స్పీడు తగ్గించాడు, మళ్లీ పెంచాడు. మళ్లీ అదే ఊపు. దేవుడమ్మ కడ్డీ పట్టుకుని దేవుళ్లందరినీ పిలుస్తోంది. నాకు సిగ్గు లేకుండా ఆనందం పొంగుకొచ్చింది.

"ఏటి బావా, నీ సెయ్యి కూడా బాగోనేదా?"

ఆయన మళ్లీ స్పీడు తగ్గించాడు. నేను వేళాకోళం ఆపి ఆలోచించాను. అదే రోడ్డు, అదే బండి, అదే చెయ్యి. మారింది ఏమిటి? కూర్చున్నవాళ్లు. బండి పక్కకు ఆపించి, అందరినీ దింపి, కాలేజీ పిల్లల్ని కుడి మూలకూ, పెద్దవాళ్లిద్దరినీ ఎడమవైపుకూ మార్చాను. బండిలో ఉన్న ప్రతి ఒక్కరూ నన్ను తిట్టారు. పడ్డాను. మళ్లీ బయల్దేరితే యాభైలో కూడా బండి కిమ్మనలేదు.

అనకాపల్లిలో అందర్నీ దించి నేరుగా మెకానిక్ జగ్గన్న షెడ్డుకి పోయాం. అతను వెనక ఎడమవైపు కాలితో నొక్కి వదిలాడు. బండి ఒకసారి లేచి ఆగింది. కుడివైపు నొక్కి వదిలాడు. అయిదారుసార్లు ఎగిరింది.

"కుడిపక్క షాకబ్జర్ సచ్చిపోనాది బావా. లోన ఆయిలు సుక్క నేదు. తక్కువలో తక్కువ రెండేళ్లయ్యుంటాది. ఇన్నాళ్లూ ఎలాగ తోలేవు?"

మా ఆయన వంగి ఆ చక్రం వైపు చూశాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఎప్పుడో ఒకరోజు కుడివైపు బరువు పడితే బండి ఇబ్బంది పెట్టి ఉంటుంది. ఆయన మనసుకు తెలియకుండానే ఒళ్లు కనిపెట్టేసింది. బక్కవాళ్లని అటు, లావువాళ్లని ఇటు తోయడం మొదలైంది. తరవాత అది నోటికి అలవాటైన కేక అయిపోయింది. ఎందుకు అరుస్తున్నాడో ఆయనకే తెలియదు. నేనేమో మర్యాద కొద్దీ పెద్దవాళ్లను తీసుకెళ్లి సరిగ్గా ఆ పాడైన మూలలో కూర్చోబెట్టాను.

"రెండేళ్లు జనం సేత ఊరికినే తిట్లు తిన్నావు బావా" అన్నాను.

"నిన్ను కూడా ఊరికినే అన్నాను" అన్నాడు, నేల చూస్తూ. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆయన తప్పు ఒప్పుకోవడం అదే మొదలు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ధనరాజ్ సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

రెండువైపులా కొత్తవి వేశాడు జగ్గన్న. సరిచూడాలి కదా. నేను హ్యాండిల్ పట్టుకున్నాను. మా ఆయన వెనక కుడి మూల కూర్చుని, బరువు చాలదని జగ్గన్నను కూడా లాక్కుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఈ మూడు వారాల్లో నా బండి ఎక్కిన ప్రతిసారీ, లేని బ్రేకును కాలితో తొక్కుతూ కూర్చున్న మనిషి ఆయన. కశింకోట దాటింది. నలభై అయిదు. యాభై.

"ఊగుతందా బావా?" అని అడిగాను. జవాబు లేదు. "బావా, నిన్నే, ఊగుతందా?"

"అక్కా," అన్నాడు జగ్గన్న, "బావ పడుకున్నాడు."

అద్దంలో చూశాను. తల కడ్డీకి ఆనించి, నోరు తెరిచి, మంచి నిద్రలో ఉన్నాడు. నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. వెనక్కి తిప్పుదాం, షెడ్డు తెరిచే వచ్చేశాను అని జగ్గన్న గోల పెడుతూనే ఉన్నాడు గాని, ఆయన్ని లేపబుద్ధి కాక ఎలమంచిలి దాకా అదే స్పీడులో పోనిచ్చాను.