గీత మీద లేని చుక్కలు

నేను ఒక స్కేలును. రెండడుగుల టేకు చెక్కకు ఇత్తడి అంచు బిగించి, రాజమండ్రి వడ్రంగి ఒకాయన నన్ను చేశాడు. సర్వే ఆఫీసులో ముగ్గురి చేతులు మారి, చివరికి సర్వేయరు వీరభద్రానికి చిక్కాను. రిటైరైన రోజున కప్పిన శాలువాతోపాటు నన్నూ సంచిలో వేసుకుని తణుకులోని ఇంటికి తెచ్చుకున్నాడు. ఎవరూ అడగలేదు కాబట్టి అది దొంగతనం కాదని ఆయన నమ్మకం.

పొలం కొలవడంలో దిట్ట, కాదనను. సరిహద్దు రాయి ఒకటి కనిపించకపోతే, మిగిలిన రెండు రాళ్ల మీదుగా గీత లాగి "ఇక్కడ తవ్వండ్రా" అనేవాడు. తవ్వితే రాయి ఉండేది. అది తలకెక్కింది. షేర్ల ధరలు కూడా ఎవరో పాతిపెట్టిన రాళ్లే అనుకున్నాడు, మహానుభావుడు!

ఒక చక్కెర కంపెనీ షేరుకు పద్దెనిమిదేళ్ల ధరలు సేకరించి, గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టి, నన్ను వాటి మీద ఆనించాడు. నాలుగు చుక్కలు నా అంచుకు దూరంగా ఉండిపోయాయి. అలాంటప్పుడు గీతను అనుమానించాలి. ఈయన రబ్బరు తీసి చుక్కలనే చెరిపేశాడు. ఆ తర్వాత, అన్నీ గీత మీదే ఉన్నాయని మురిసిపోయాడు. ప్రశ్నపత్రం తనే రాసుకుని, తనే దిద్దుకుని, తనే చప్పట్లు కొట్టుకునేవాణ్ణి ఏమనాలి?

ఆ పిచ్చి ఆయన ఇంట్లోనే ఉండిపోతే నవ్వుకుని ఊరుకునేదాన్ని. చెల్లెలు కనకం వచ్చింది. భర్త పోయాక ఆవిడ బస్టాండు దగ్గర అద్దెగదుల్లో మెస్సు నడుపుకుంటోంది. ఓనరు ఆ గదులు పది లక్షలకు అమ్మజూపి, కార్తీకం దాకా ఆగుతానన్నాడు. కొబ్బరితోట అమ్మగా వచ్చిన ఎనిమిది లక్షలు ఆవిడ దగ్గరున్నాయి.

"ఇదిగో చూడవే, కార్తీకానికి గీత ఇక్కడికొచ్చేస్తాది. నీ ఎనిమిది పది దాటేస్తాయి," అన్నాడు, నన్ను కాగితం అంచు దాటించి బల్ల మీదికి జరుపుతూ.

"ఈ చెరిపేసిన మచ్చలేంటన్నయ్యా?"

"అయ్యి లెక్కలోకి రావమ్మా. ఓ ఏడు తుఫాను, ఓ ఏడు సమ్మె..."

"మరి ఈ ఏడు ఏమీ రాదా?"

మెస్సు నడిపే మనిషికి తట్టిన ప్రశ్న, ముప్పై ఏళ్లు కొలతలు కొలిచినవాడికి తట్టలేదు. అయినా అన్న మాట కాదనలేక డబ్బిచ్చింది.

ఆశ్వయుజంలో ఆ ఫ్యాక్టరీ బాయిలరు పేలింది. పద్దెనిమిదేళ్లలో ఎన్నడూ పేలలేదు కనుక మా కాగితంలో బాయిలరు లేదు. ఎనిమిది లక్షలు మూడయ్యాయి. బస్టాండు గదులు గాజుల కొట్టువాడు కొనుక్కున్నాడు. వీరభద్రం ఏం చేశాడనుకున్నారు? కొత్త చుక్క పెట్టి, కాసేపు చూసి, మళ్లీ రబ్బరు తీశాడు. ఆ చేతిలో ఉన్నందుకు నాకు సిగ్గేసింది.

మర్నాడు కనకం వచ్చి, "ఆ స్కేలిలా ఇయ్యన్నయ్యా" అని మాత్రం అంది. మార్కెట్టు వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుంది. నన్ను గోడ వెంబడి పెట్టి కొలిచింది. నాలుగు బల్లలు పడతాయని ఆశపడింది, మూడే పడతాయని తేలింది. ఆవిడ గోడతో వాదించలేదు. నాలుగో బల్లను అమ్మేసింది.

వీరభద్రం ఇప్పుడు అక్కడే భోంచేస్తున్నాడు. నిన్న ఇంకో కాగితం తెచ్చి బల్ల మీద పరిచి, "ఈసారి అసలు గీత దొరికిందే కనకం" అన్నాడు.

ఆవిడ ఆ కాగితం మీదే అరిటాకు వేసి, వేడివేడి పులుసు వడ్డించింది.