మగ్దలీనమ్మ జాడీ

ఆ జాడీ మా ఇంటిది. మా సంఘంలో ఇప్పుడు దాన్ని గుడి జాడీ అంటున్నారు. కాదు. పెళ్ళయిన కొత్తలో నెల్లూరులో నేను కొన్నాను. పైన గోధుమరంగు, కింద తెలుపు, మెడ దగ్గర తాడు బిగించడానికి వీలుగా గాడి. ఆవకాయకని కొంటే, నా భార్య మగ్దలీనమ్మ అందులో ఒక్కసారి కూడా ఆవకాయ పెట్టలేదు. ప్రభువు బల్లకు, అంటే గుడిలో సంఘమంతా ఒకే గిన్నెలో తలా ఒక గుక్క తాగే సంస్కారానికి, ద్రాక్షరసం కాచి అందులో పోసేది. కారం తగిలిన జాడీ ఆ పనికి రాదంది.

మా ఊరు వెంకటాచలానికి తూర్పున, కాలువ దాటాక ఇసుకలో ఉంటుంది. సముద్రం వైపు చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు, ఇవతల మా పాలెం, పాలెం చివర తాటాకు కప్పిన మా ప్రార్థన గుడి. మా పాస్టరు జ్ఞానప్రకాశం అయ్యగారు నెలకొకసారి, మొదటి ఆదివారం బల్ల ఇవ్వడానికి నెల్లూరు నుంచి వచ్చేవారు. శనివారం మధ్యాహ్నం నేను బండి కట్టుకుని వెంకటాచలం పోయి, బస్సు దిగిన ఆయన్ని ఎక్కించుకుని, పొద్దుగూకేవేళకు తిరిగి వచ్చేవాణ్ణి. అప్పటికి రసం తయారుగా ఉండేది. ఎట్లా చేస్తుందో నేను అడగలేదు. వంటిల్లు ఆమెది, బండి నాది. ఆదివారం ఆ జాడీ నెత్తిన పెట్టుకుని ఆమె ముందు నడిచేది. బల్ల గిన్నె పట్టుకుని నేను వెనక నడిచేవాణ్ణి. దారిలో జనం పక్కకు తప్పుకునేవారు. సంఘంలో మా స్థానం అది.

చివరి ఏడాది ఆమెను దగ్గు పట్టుకుంది. వారమంతా మంచం మీద ఉన్నా బల్ల ముందటి శనివారం మాత్రం లేచి రసం కాచేది. పంతొమ్మిది వందల అరవయ్యో సంవత్సరం, వానలు వెనకపట్టే రోజుల్లో పోయింది.

మట్టి చేసి వచ్చిన వారంలోనే దడి అవతలి ఇంటి ఎలిశబెతు వచ్చి నిలబడింది. ఇకమీదట రసం తను కాస్తానంది. నా ఇంట్లో పొయ్యి ఇంకా ఆరలేదని చెప్పి పంపేశాను. వాకిట్లోనుంచే.

ఆమె మొగుడు హజరత్తయ్య దర్జీ. మా తాత తెల్లదొరల కాలంలో బాప్తిస్మం పొందినవాడు. ఇతను నిన్నగాక మొన్న పొందాడు. తల్లిదండ్రులు దర్గాకు మొక్కుకుని పెట్టిన పేరు కూడా మార్చుకోలేదు. అయినా రెండేళ్ళు తిరక్కుండానే సంఘపెద్దల్లో కలిశాడు. అది ఒకటైతే నేను ఓర్చుకునేవాణ్ణేమో. సాయంత్రాలు మిషను తొక్కుతూ అతను ఏదో అంటాడు. పొయ్యి దగ్గరనుంచి ఆమె నవ్వుతుంది. ఆ నవ్వు దడి దాటి వస్తుంది. అప్పుడు నేను కంచం ముందు ఉంటాను. వండుకోవడం నేర్చుకున్నాను. ఎదురుగా మనిషి లేకుండా తినడం నేర్చుకోలేదు. ఆ దడి మీద కొత్త తాటాకు ఒత్తుగా కట్టాను. నవ్వు ఆగలేదు.

చలికాలమంతా రసం నేనే కాచాను. శనివారం బండి కట్టాలి కాబట్టి శుక్రవారమే కాచేవాణ్ణి. ఎండుద్రాక్ష నానబెట్టి, పిసికి, మరిగించి, మగ్దలీనమ్మ వాడిన గుడ్డలోనే వడగట్టి, జాడీలో పోసి, గుడ్డతో మూతి కట్టి పొయ్యి పక్క గూట్లో పెట్టేవాణ్ణి. ఆమె రుచి రాలేదు. ఆమె రసం గొంతు దిగాక కొంచెం మంట ఉండేది. అది దేనివల్లో నాకు తెలియలేదు. అయినా ఎవరూ వద్దనలేదు. బాగుందని కూడా ఎవరూ అనలేదు.

మే నెల బల్లనాడు గుడిలో జాడీ మూతి విప్పితే పైన నురగ ఉంది. నేను చూశాను. ఎండాకాలం గదా అనుకున్నాను. అయ్యగారు గిన్నె ఎత్తి తాగి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, గిన్నె నా చేతికిచ్చారు. నేను గిన్నె పట్టుకుని చాపల వైపు నడిచాను. మొదటి చాప మీదున్న రెబెక్కమ్మ దగ్గరే ఆగింది. ఆమె సంఘంలో అందరికంటే పెద్దామె. నోట్లో పోసుకున్నది మింగకుండా లేచిపోయి బయట ఉమ్మేసి వచ్చింది. ఇది కల్లు అంది. ప్రార్థన ముగియకముందే అంది.

అవి మద్యనిషేధం రోజులు. కల్లుకుండ దొరికితే పోలీసులు పట్టుకుపోయేవాళ్ళు. మిగిలిన రసాన్ని హజరత్తయ్య గుడి వెనక ఇసుకలో గుమ్మరించాడు. నన్ను అడగలేదు. ఇసుక నల్లబడింది, కాసేపటికి చీమలు పట్టాయి. జాడీని నేనే ఎత్తుకుని ఇంటికి పోయాను.

మాట సముద్రం దాకా పోయింది. మర్నాడు వలలు మోసుకుపోతున్న చెంచయ్య నన్ను చూసి ఆగాడు. అతనికి మా మతంతో పని లేదు, నవ్వడానికి ఏదో ఒకటి కావాలి.

“ఏంది కృపాదానమన్నా, మీ గుళ్ళో పోస్తా ఉండారంటనే. ముందే చెప్పుంటే మేమూ బాప్తిస్మం తీసుకుందుము గదా.”

వెనకున్నవాళ్ళు నవ్వారు. వాళ్ళను నేనేమీ అనలేదు. పరాయివాళ్ళు.

నన్ను అన్నది మావాళ్ళు. ఆ ఆదివారం మధ్యాహ్నమే గుడిలో కూర్చున్నారు. రసం పులిసిందన్నారు. అక్కడితో ఆగితే సరిపోయేది. ఒకరు గిన్నె సరిగా కడగడంలేదన్నారు. ఒకరు నేను పాటలో గొంతు కలపడం మానేశానన్నారు. భార్య పోయినప్పటినుంచి నా మొహంలో క్రీస్తు కళ లేదని ఇంకొకరు అన్నారు. రెబెక్కమ్మ చివర్లో తేల్చేసింది.

“ఆడదిక్కు లేని ఇంట్లో కాచింది అట్టగాక ఎట్టుంటాది? ఎలిశబెతుకు ఇయ్యండి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఉండారు.”

ఇద్దరూ ఉన్నారు. అదీ వాళ్ళ అర్హత. హజరత్తయ్య తల వంచుకుని కూర్చున్నాడు. వద్దని ఒక్క మాట అనలేదు. నేను అయ్యగారి వైపు చూశాను. ఇది మగ్దలీనమ్మ ఇంటి పని, అక్కడే ఉండనీయండి అని ఆయన ఒక్క మాట అంటే చాలు. ఆయన సంఘం ఇష్టం అన్నారు. చేతులు ఎత్తారు. నేను లెక్కపెట్టలేదు. ఎత్తనివాళ్ళు ఎవరూ కనిపించలేదు.

సోమవారం అయ్యగారిని వెంకటాచలం దిగబెట్టాల్సింది నేనే. ఇంకొకరికి బండి లేదు. దారిలో ఆయన మాట కలిపారు. ప్రభువును కూడా సొంత ఊరివాళ్ళే బయటికి గెంటి కొండ అంచుదాకా తోసుకుపోయారని చెప్పారు. తనను కూడా నెల్లూరులో ఒక సంఘం వద్దందని, ఆ రోజు ఇంటికి పోయి ఏడ్చానని, విమర్శలో నిజమున్నంతవరకు తీసుకుని మిగతాది దేవుడికి వదిలేయాలని అన్నారు. మంచి మనిషి. ఆ రసం మింగినవాడు ఆయన ఒక్కడే. కానీ ఆయనకు ఇంకో సంఘం దొరికింది. నాకు ఇంకో మగ్దలీనమ్మ దొరకదు. ఎద్దుల్ని అదిలించాను.

జాడీ కోసం హజరత్తయ్య వచ్చాడు. గిన్నె ఇచ్చాను, అది సంఘం సొమ్ము. జాడీ ఇవ్వలేదు.

జూన్ బల్ల కోసం నేను ఎదురుచూస్తూ కూర్చున్నాను. రోహిణీ కార్తె. పగలు ఇసుకలో కాలు పెట్టలేం. వాళ్ళకున్నది సత్తు గిన్నె. నా రసం పులిసిన ఎండలో వాళ్ళది పులవక ఏమవుతుంది? రెబెక్కమ్మ మళ్ళీ బయటికి పోయి ఉమ్మేస్తుంది. అప్పుడు ఏ దిక్కు లేదంటారో చూడాలి. శనివారం ఎప్పటిలాగే బండి కట్టుకుని పోయాను. ఎవరికోసమూ కాదు. ఆ ఆదివారం నేను అక్కడ ఉండాలి, అంతే.

గుడిలో చివరి చాప మీద గోడకానుకుని కూర్చున్నాను. సత్తు గిన్నె నెత్తిన పెట్టుకుని ఎలిశబెతు ముందు వచ్చింది. వెనక బల్ల గిన్నెతో హజరత్తయ్య. అదే నడక. జనం అట్లాగే పక్కకు తప్పుకున్నారు. నేను ఆమె కాళ్ళవైపు చూస్తూ కూర్చున్నాను.

మొదట తాగకూడదనుకున్నాను. మనసులో పగ పెట్టుకుని తాగేవాడు తన మీదికి తీర్పు తెచ్చుకుంటాడని చిన్నప్పటినుంచి వింటున్నదే. కానీ తప్పు పట్టాలంటే తాగాలి. గిన్నె రెబెక్కమ్మ దగ్గర ఆగలేదు. ఆమె మింగి, గిన్నె అందించి, కళ్ళు తుడుచుకుంది. నా దాకా వచ్చింది. హజరత్తయ్య రెండు చేతులతో ఇచ్చాడు. ముందు వాసన చూశాను. పులుపు లేదు. తాగాను.

చల్లగా ఉంది. గొంతు దిగాక కొంచెం మంట.

అది మగ్దలీనమ్మ చేతిది.

గిన్నె ఎప్పుడు తీసుకున్నాడో నాకు తెలియదు. పాట అయిపోయింది, అందరూ లేచారు. నేను ఇంటికి వచ్చి బావి దగ్గర నిలబడ్డాను. మా పెరట్లో ఉన్నది తియ్యనీళ్ళ బావి. ఆ వరసలో అందరూ అక్కడే చేదుకుంటారు. ఎలిశబెతు బిందె తీసుకుని వచ్చింది.

“నీకెవరు నేర్పినారు?” అన్నాను.

ఆమె భయపడలేదు. బిందె దించి చెప్పింది. మగ్దలీనమ్మే నేర్పింది. శొంఠి ముక్క దంచి వేయాలని, రసం చల్లారాక జాడీ మెడకు తాడు కట్టి నీళ్ళు తగిలీ తగలకుండా బావిలో దించాలని, తెల్లవారి గుడికి పోయేవేళ దాకా పైకి తీయకూడదని. చివరి ఏడాది ఆమె లేచి కాచలేకపోయింది. నా బండి పాలెం దాటగానే ఎలిశబెతు వచ్చేది. మగ్దలీనమ్మ మంచం మీద కూర్చుని చెప్పేది, ఈమె చేసేది. నిన్న కూడా సత్తు గిన్నె మా బావిలోనే వేలాడింది. నేను వచ్చి అదే బావి గట్టున తొట్టి నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాను. చీకట్లో తాడు చూడలేదు.

అంటే ఆ ఏడాదంతా నేను గిన్నె పట్టుకుని వెనక నడిచింది ఈమె కాచిన రసం వెనక. నాకు చెప్పని మాట నా భార్య ఈమెకు చెప్పింది. నేను ఎద్దుల్ని తోలుకుంటూ ఎండలో పోతుంటే, నా ఇంట్లో వీళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. నవ్వుకుని కూడా ఉంటారు.

“నాతో ఎందుకు చెప్పలేదు?”

“ఆయనకు తెలిస్తే నన్ను లేవనియ్యడు, ఈ ఒక్క పనన్నా నాకు మిగలనీ అనింది అక్క.”

“అది పోయినాక నువ్వు చెప్పచ్చు గదా.”

“చెప్పను వస్తే వాకిట్లోనుంచి తరిమినావు. అయినా అంతకాలం అక్క పక్కనుండి నువ్వెప్పుడన్నా అడిగినావా బావా?”

భార్యను వంట సంగతి అడిగే మగవాళ్ళు మా కాలంలో లేరు. ఆమె నీళ్ళు చేదుకుంది. పోతూ, సత్తు గిన్నె బావిలో ఒరిగిపోతోందని, జాడీ ఇస్తే బాగుంటుందని అంది. నేను లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

ఆ నెలంతా ఒక్కటే ఆలోచించాను. బావి నాది. వాళ్ళు గిన్నె దించేదీ నా చేదతాడుతోనే, అది తీసేస్తే చాలు. వాన చినుకు లేదు, జూలై వచ్చినా ఎండ తగ్గలేదు. ఒక్కసారి నురగ వస్తే ఎలిశబెతు సంగతి రెబెక్కమ్మ చూసుకుంటుంది. దడి అవతల నవ్వు కొన్నాళ్ళైనా ఆగుతుంది.

శనివారం గిలకనుంచి తాడు తీసి, చుట్ట చుట్టి బండిలో వేసుకుని బయలుదేరాను. ఎలిశబెతు వాకిట్లో నిలబడి చూసింది. చూడనీ అనుకున్నాను.

కాలువ గట్టు ఎక్కేదాకా నాకు సంతోషంగానే ఉంది. రేపు జరగబోయేది వరసగా తలుచుకుంటూ పోయాను. నురగ వస్తుంది. రెబెక్కమ్మ లేస్తుంది. చెంచయ్య నవ్వుతాడు. మిగిలింది గుడి వెనక గుమ్మరిస్తారు. నా ఆలోచన అక్కడ ఆగిపోయింది. శొంఠి వేసిన ఆ రసం ఇసుకలో ఇంకుతుంది. చీమలు పడతాయి. మే నెలలో పారబోసింది నాది, అది పోతే పోయింది. ఇది మగ్దలీనమ్మది. ఎవరి చేతుల్లోనుంచి వచ్చినా ఆమెది. ఆమె రుచి భూమ్మీద ఇంకెక్కడా లేదు.

ఎద్దుల్ని వెనక్కి మళ్ళించాను.

ఇంట్లోకి పోయి జాడీ తీశాను. వాళ్ళ సత్తు గిన్నె ఇంకోసారి ఆ బల్ల మీద కూర్చోవడానికి వీల్లేదు. జాడీ బల్లమీదుంటే అది ఎవరిదో అందరికీ తెలుస్తుంది. కడిగి, బోర్లించి, తడి ఆరాక మెడ గాడిలో ఆ చేదతాడే బిగించి బావి గట్టున పెట్టాను. దడి అవతల మిషను ఆగింది. హజరత్తయ్య లేచి నిలబడ్డాడు.

“అన్నా,” అన్నాడు.

“పగలగొట్టబాకండి,” అని చెప్పి బండెక్కాను.

వెంకటాచలంలో అయ్యగారు అప్పటికే బస్సు దిగి ఎండలో నిలబడి ఉన్నారు. ఆలస్యమైందేమని అడిగారు. ఎద్దు కుంటిందని చెప్పాను.

జాడీ అప్పటినుంచి వాళ్ళ దగ్గరే ఉంది. నేను మెత్తబడ్డానని, దేవుడు నా మనసు మార్చాడని అయ్యగారు గుడిలో చెప్పారు. నేను ఎవరినీ క్షమించలేదు. ఆ రోజు చేతులెత్తినవాళ్ళు అందరూ నాకు గుర్తున్నారు. ప్రతి నెలా చివరి చాప మీద కూర్చుంటాను. గిన్నె వస్తే కళ్ళు మూసుకుని తాగుతాను, ఇచ్చేవాడి మొహం చూడక్కర్లేకుండా.

వడగట్టే గుడ్డ మాత్రం ఇవ్వలేదు. అది మగ్దలీనమ్మ పెళ్ళిచీర చెంగు. ఉతికి నా పెట్టెలో పెట్టుకున్నాను. వాళ్ళు మార్కెట్టు గుడ్డతో వడగడుతున్నారు. దానివల్ల రుచిలో కొంచెం తేడా ఉంది. ఇంకెవరూ ఒప్పుకోరు. నాకు తెలుసు.