రాయి వెనక అడ్రసు

ఫ్యాను రెక్కల మీద ఇంత దుమ్ము, భార్య స్వర్ణ ఉండుంటే ఆదివారమే తుడిచేది, ధనుంజయ మళ్లీ కంప్యూటరు మీట నొక్కాడు, మళ్లీ అదే తెల్ల తెర, మీరడిగిన పేజీ లేదు, పదకొండున్నర దాటింది, పన్నెండుకు మద్రాసు బిల్డరు నమూనా రాయి తిప్పి, వెనక రాసిన వెబ్‌సైటు అడ్రసు కొడతాడు, ఆయనకూ ఇదే కనిపిస్తుంది, నిన్నంతా కూర్చుని, తను చూసుకునే ఫ్యాక్టరీ వెబ్‌సైటు కోడు విడదీసి, అడ్రసుల్లో నలభై ఏడు, నలభై ఎనిమిది అనే అంకెలు తీసేసి, పసుపు రాయి, బూడిద రాయి అని పేర్లు పెట్టి, ఎంత శుభ్రంగా ఉందోనని మురిసిపోయాడు గానీ, బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీ యజమాని ఓబుళేశు ఆ పాత అడ్రసులనే ప్రతి నమూనా వెనకా ఎర్ర పెయింటుతో రాయించి లారీకెక్కించాడని తనకేం తెలుసు, కాగితమైతే చినిగిపోతాదప్పా, రాయి మీదైతే రాయి ఉన్నన్నాళ్లు ఉంటాది, అన్నాడు పొద్దున ఫోనులో, అరవలేదు, అరిచినా బాగుండేది, మూడు నూర్ల రాళ్లు పోయినాయి, యాడికని పోయి తుడిపేది, ఈ ఆర్డరు తప్పితే రెండో మిషను ఆపేస్తాండా, అన్నాడు, ఆ మిషను మీద పనిచేసేది సోమక్క, స్వర్ణ చనిపోయిన నెలంతా తనకు సంగటి పంపిన సోమక్క, తిన్నావా అని అడగకుండా తిరిగిచ్చిన గిన్నె బరువు చూసుకుని పోయేది, ఆమె కూలి తన చేత్తోనే పోతుందా, పాత కోడు వెనక్కి పెడదామంటే దాని మీదే కొత్తది రాసేశాడు, కాపీ లేదు, పాతది ఎక్కడా లేదు, స్వర్ణా తనూ ఉన్న పాత ఇల్లూ ఇప్పుడు లేదు.

కల్లూరుకు మారిన రోజు సామాన్లన్నీ ఎక్కించాక స్వర్ణ ఆటో దిగి వెనక్కి పోయింది, ఏం మరిచిపోయినావని తను వెనకే పోతే, బొగ్గుముక్కతో తలుపు పక్క గోడ మీద రాస్తోంది, మేము కల్లూరులో నీళ్ల ట్యాంకు వెనక సందులో ఉన్నాము, ఎవరు చదువుతారని తను నవ్వాడు, తెలిసిన తలుపు కాడికే గదా ఎవరైనా వచ్చేది, అంది, సున్నం కొట్టేదాకా గ్యాసతను, పోస్టుమాన్, బనగానపల్లె నుంచి మామిడిపండ్ల బుట్టతో ఆమె అన్న, అందరూ ఆ గోడ చదువుకునే వచ్చారు, ఇల్లు ఖాళీ, అయినా గోడ దారి చెప్పింది, దారి, డేటాబేసులో ప్రతి రాయి పేరు పక్కనా పాత అంకె అలాగే ఉంది కదా, పాత అడ్రసుతో వచ్చినవాళ్లను లేదని తిప్పి పంపకుండా, అంకె చూసి కొత్త పేరు దగ్గరికి పంపితే చాలు, నాలుగే వరుసలు, రాశాడు, పాత అడ్రసు నలభై ఏడు కొట్టాడు, తెర ఒక్క క్షణం తడుముకుని పసుపు రాయి దగ్గర తెరుచుకుంది, పన్నెండుకు ఇంకా మూడు నిమిషాలు, ఆ రోజు ఆటో దిగి ఆమె వెనక్కి నడిచింది ఇందుకేనా, ఇంకా రాని మనుషుల కోసం.